రివట విసిరిన కాయ, తాబేలు పెట్టిన రాయి

ఈ కథను నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ భూమ్మీద లేరు. కావాలంటే వెతుక్కోండి, దొరకరు. ఎందుకంటే దీన్ని ఇవాళ పొద్దున పళ్లు తోముకుంటూ నేనే అల్లాను. ఇంకెవరికీ తెలియదు. సరే, మీరు కదలకుండా కూర్చోండి. నేను మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే చెప్తాను. కూర్చుంటే నాకు కథ రాదు.

అనగనగా ఒక అడవిలో... ఆగండి, ఈ కథకు ఒక అడవి సరిపోదు. రెండు కావాలి. ఇటువైపు మద్ది అడవి, అటువైపు వెదురు అడవి. మధ్యలో ఒక ఏరు. ఎండాకాలం వచ్చిందంటే ఏరంతా ఇసుకే. ఆ ఇసుక పక్కన ఒక్క మడుగు మాత్రం ఎండదు. రెండు అడవులకూ అదే దిక్కు.

మడుగేమో ఒకటి, నోళ్లేమో బోలెడు. పొద్దున్నే ముందు తాగినవాళ్లకు చల్లటి తేటనీళ్లు. వెనక తాగినవాళ్లకు బురద. ముందెవరు తాగాలని ఒకప్పుడు బాగా కొట్టుకున్నారు. కొమ్ములు విరిగాయి, తోకలు తెగాయి. చివరికి రెండు అడవుల పెద్దలూ కూర్చుని ఒక ఆట పెట్టారు. ఎండలు ముదరకముందే ఆడాలి. గెలిచిన అడవి ఆ వేసవంతా ముందు తాగాలి.

దాని పేరు కాయాట. ఎండి డొల్లయిపోయిన వెలక్కాయ ఒకటి. ఇసుకకు ఈ చివర విసిరేవాళ్లు నిలబడతారు. ఆ చివర ఒక నల్లబండ. కాయ నేల తాకకుండా నల్లబండ చేరాలి. విసిరి పంపినా సరే, మోసుకుపోయినా సరే. ఎదుటివాళ్లు మీదపడి అడ్డుకోవచ్చు. కాయ కింద పడినా, మోసేవాళ్లు ఆగిపోయినా ఆ వంతు అయిపోయినట్టే. కాయ ఎదుటివాళ్లకు చిక్కిందా, వాళ్లకు ఇంకో వంతు దొరికినట్టే. ఒక్కో అడవికి మూడు వంతులు, కాయను ఎక్కువసార్లు బండ చేర్చినవాళ్లదే గెలుపు. చివరికి ఇద్దరూ సమానమైతే, నిరుడు గెలిచినవాళ్లే మళ్లీ గెలిచినట్టు.

నిరుడు గెలిచింది వెదురు అడవి. మద్ది అడవివాళ్లు వేసవంతా బురద తాగారు. దుప్పి పిల్లలకు గొంతులు వాచి, చిగురాకు కూడా మింగుడు పడలేదు. అందుకే ఈసారి మద్ది అడవిలో ఎవరికీ కాలు నిలవడం లేదు. ఏరు రోజురోజుకీ సన్నబడుతోంది. నీళ్లు తాగడానికి వచ్చినవాళ్లంతా తాగడం మానేసి, ఎంత తగ్గాయో చూసి నిట్టూర్చి పోతున్నారు.

ఇంతకీ విసిరేది ఎవరు? అదీ గొడవ.

ఒకడు దుబ్బన్న. లావుపాటి కోతి, నిదానస్తుడు. ఇంకొకతె రివట. సన్నటి కొండముచ్చు పిల్ల. కూర్చున్నా, నిలబడ్డా, నిద్రపోతున్నా దాని తోక ఆడుతూనే ఉంటుంది.

అడవి పెద్ద ఎలుగుబంటి. అతన్ని అందరూ పెద్దయ్య అంటారు. పెద్దయ్యకు తగవులంటే తలనొప్పి. ఇద్దరూ సాధన చేయండి, తాబేలు తాత లెక్క చూస్తాడు, లెక్కలో ఎవరు పైన ఉంటే వాళ్లే విసురుతారు అని తేల్చేశాడు. అందరూ తలలూపారు. లెక్క అంటే ఎవరు మాత్రం కాదంటారు?

తాబేలు తాత ఎండకు ఓర్వలేడు. ఇసుక పక్కన చల్లటి గుంటలో కూర్చున్నాడు. ముందు రెండు రాళ్ల కుప్పలు, దుబ్బన్నకు ఒకటి, రివటకు ఒకటి. విసిరిన కాయ మనవాళ్ల చేతికో నోటికో అందితే తెల్లరాయి. నేల తాకితే నల్లరాయి. గుంటలోంచి తాతకు కనిపించేది కూడా ఆ ఒక్కటే, కాయ నేలమీద ఉందా లేదా అని. అంతకంటే మెడ సాచితే తాతకు మెడ పట్టేస్తుంది.

ముందు దుబ్బన్న వంతు. పక్కనే జంగుపిల్లిని నిలబెట్టుకున్నాడు. మీ అమ్మ మీ చేతికి పాలగ్లాసు అందించినట్టు మెత్తగా కాయ అందించాడు. పిల్లి తొడిమ కరుచుకుని ఒక్క పరుగున నల్లబండ చేరింది. సాధనలో అడ్డుకోవలసింది సొంత అడవి పందులే కదా, అవి ఒక అడుగు వేసి ఆవలించాయి. తాత తెల్లరాయి పెట్టాడు. మళ్లీ అందించాడు, మళ్లీ తెల్లరాయి. పరుగెత్తింది పిల్లి, రాయి పడింది దుబ్బన్న కుప్పలో.

తర్వాత రివట. రివటకు దగ్గర్లో ఇవ్వడం నచ్చదు. అసలు ఆటలో పందులు ఆవలించవని దానికి తెలుసు. అందుకే నేరుగా నల్లబండ మీదికే విసరాలంటుంది. అక్కడ పట్టేది ఎవరు? జింకకు పరుగు ఉంది, పట్టుకోవడానికి చేతులు లేవు. ఉడుముకు చేతులున్నాయి, పరుగు లేదు. పందుల కాళ్ల సందుల్లోంచి దూరిపోయి, బండెక్కి, ముందుకాళ్లు చాచగలిగింది ఒక్క కుందేలే. పేరు చెవులయ్య.

మొదటిసారి రివట విసిరిన కాయ సరిగ్గా చెవులయ్య గుండెల మీదికి వెళ్లింది. గుండెకు తగిలి టప్పున కింద పడింది. చేతులకు ఆముదం రాసుకుని వచ్చాడా ఏమిటని నాకైతే అనుమానం. తాత నల్లరాయి పెట్టాడు.

రివట గుంట దగ్గరికి ఒక్క గెంతు గెంతింది. కాయ వాడి గుండెకు తగిలింది తాతా, ఇంకెంత సూటిగా వెయ్యాలి అని అడిగింది.

"కింద పడిందా, లేదా?" అన్నాడు తాత.

"పడింది."

"అయితే నల్లరాయే."

రెండోసారి చెవులయ్య బండ చేరేలోపే ఒక పంది ఆవలింతలు మాని రివట మీదికొచ్చింది. కాయ పందికి చిక్కకూడదని రివట కావాలనే దాన్ని ముళ్లపొదలోకి విసిరేసింది. తెలివైన పనే. అయినా తాతకు కనిపించింది నేలమీద కాయ. నల్లరాయి. మూడోసారి గాలి వీచింది. గాలిని లెక్కలో వేసుకుని విసిరింది రివట, కాయ బండ మీదికే వచ్చింది, చెవులయ్య చేతుల్లోంచి జారిపోయింది. నల్లరాయి. అప్పుడప్పుడూ చెవులయ్య పొట్టకూ చేతులకూ మధ్య కాయ అదృష్టం కొద్దీ ఇరుక్కునేది. అప్పుడు మాత్రం తెల్లరాయి.

సాధన అయ్యేసరికి దుబ్బన్నకు పదికి తొమ్మిది తెల్లరాళ్లు. రివటకు పదికి నాలుగు.

"చూశావుగా పిల్లా, నేను చెప్పడం కాదు, రాళ్లే చెప్తున్నాయి" అన్నాడు పెద్దయ్య.

రివట ఏదో చెప్పబోయింది. వినేవాళ్లు లేరు. అందరూ అప్పటికే దుబ్బన్న చుట్టూ చేరి భుజం తడుతున్నారు. ఒక్క దుబ్బన్నే నవ్వలేదు. తల గోక్కుంటూ నల్లబండ వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆట రోజు వచ్చింది. ముందు వెదురు అడవి ఆడింది. మద్ది అడవి పందులు ఆ రోజు ఆవలించలేదు లెండి, మూడు వంతులూ అడ్డుకున్నాయి. ఇప్పుడు మద్ది అడవి ఒక్కసారి నల్లబండ చేరితే చాలు, వేసవంతా తేటనీళ్లు.

మొదటి వంతు. దుబ్బన్న కాయ అందించాడు, జంగుపిల్లి కరుచుకుంది. మరుక్షణం వెదురు అడవి పందులు గోడలా నిలబడ్డాయి. పిల్లి నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయింది. వంతు అయిపోయింది. గుంటలో తాత మాత్రం సంతోషంగా తెల్లరాయి పెట్టాడు. కాయ అందిందిగా మరి.

రెండో వంతు. దుబ్బన్న ఉడుముకు అందించాడు. ఉడుము కదిలేలోపు దాని వీపు మీద మూడు పందులు. తాత ఇంకో తెల్లరాయి పెట్టి, ఒక్క నల్లరాయీ లేదని మురిసిపోతూ పైకి కేక వేశాడు.

దుప్పి అక్క ఇక ఉండబట్టలేకపోయింది. నిరుడు గొంతులు వాచినవి దాని పిల్లలే. గుంట దగ్గరికి వచ్చి వంగింది.

"తాతా, మనం గెలుస్తున్నామా?"

"దుబ్బన్నకు ఒక్క తప్పు లేదమ్మా. అన్నీ తెల్లరాళ్లే."

"నేను అడిగింది అది కాదు తాతా."

తాత రాళ్ల వైపు చూశాడు. గెలుస్తున్నామో లేదో రాళ్లలో ఎక్కడా లేదు. తెల్లరాళ్లు తిప్పి చూశాడు, వాడకుండా పక్కన పెట్టిన నల్లరాళ్లు తిప్పి చూశాడు. చివరికి తనను గట్టు మీదికి ఎక్కించమని పెద్దయ్యను అడిగాడు. పెద్దయ్య ఎత్తి నల్లబండ ఎదుట, గట్టు మీద కూర్చోబెట్టాడు. ఆ గట్టెక్కడం తాతకు అదే మొదలు. జంగుపిల్లి ఆగిపోయిన చోటు చూశాడు. నల్లబండ చూశాడు. మధ్యలో ఉన్న ఇసుకంతా చూశాడు. తాత మెడ దానంతటదే లోపలికి పోయింది.

"పెద్దయ్యా, ఈ వంతు ఆ పిల్లకివ్వు" అన్నాడు.

పెద్దయ్యకు ఎటూ తోచలేదు. పదికి నాలుగే కదా, నీ లెక్కే కదా అని గింజుకున్నాడు. ఇంతలో దుబ్బన్న తనే నడిచివచ్చి కాయను రివట చేతిలో పెట్టేశాడు.

"నా చెయ్యి అంత దూరం పోదు పెద్దయ్యా. ఆ సంగతి నాకు ముందే తెలుసు. నన్నెవరూ అడగలేదు."

మూడో వంతు. రివట నిలబడింది. వెదురు అడవి పందులు ఇసుక చిమ్ముకుంటూ మీదికి వస్తున్నాయి. రివట తోక ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అది ఆగడం అదే మొదలు. చెవులయ్య పందుల కాళ్ల సందుల్లోంచి దూరాడు. ఇంకా బండ చేరలేదు. మొదటి పంది ఊపిరి రివట ముఖానికి తగిలింది. అయినా రివట విసరలేదు. చెవులయ్య బండెక్కాడు, వెనక్కి తిరిగాడు, చేతులు చాచాడు. అప్పుడు విసిరింది.

విసిరిన మరుక్షణం మూడు పందులు దాన్ని ఇసుకలో బోర్లా పడేశాయి. కాయ మాత్రం గూటికి వెళ్లే పిట్టలా వెళ్లింది. ఎత్తు సరిపోయింది, వేగం సరిపోయింది. నేరుగా చెవులయ్య రెండు చేతుల మధ్యకే వచ్చింది.

గట్టు మీదినుంచి తాత చూస్తున్నాడు. కాయ జానెడు దూరంలో ఉండగా చెవులయ్య రెండు కళ్లూ గట్టిగా మూసేసుకున్నాడు.

టప్.

వెదురు అడవివాళ్లు గంతులేశారు. రెండు అడవులూ సమానం, కాబట్టి తేటనీళ్లు మళ్లీ వాళ్లవే. మద్ది అడవివాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. దుప్పి అక్క పిల్లల వైపు చూడలేక తల పక్కకు తిప్పుకుంది.

తాత నోట నల్లరాయి ఉంది. పెట్టలేదు. ఇన్నేళ్లలో తాతకు ఒక రాయి ఎక్కడ పెట్టాలో తెలియకపోవడం అదే మొదటిసారి. రివట ఇసుక దులుపుకుంటూ వచ్చింది.

"పెట్టెయ్యి తాతా. కింద పడిందిగా" అంది.

తాత రాయి నేలమీద పెట్టి, తల ఎత్తాడు.

"పడింది. పడేసింది నువ్వు కాదు తల్లీ."

ఆ రాయిని మెల్లగా ముక్కుతో నెట్టుకుంటూ వెళ్లి చెవులయ్య ముందు ఆపాడు. కాయ వచ్చేటప్పుడు కళ్లెందుకు మూస్తావని అడిగాడు. చెవులయ్య చెవులు రెండూ ముఖం మీదికి లాక్కుని, భయమేస్తుంది తాతా అన్నాడు. సాధన రోజుల్లో కూడా ప్రతిసారీ మూసుకునేవాడట. ఆ రాళ్లన్నీ రివట కుప్పలో చేరాయి.

ఎవరో చెవులయ్యను తిట్టబోయారు. పెద్దయ్య చెయ్యెత్తి ఆపాడు.

"నాకూ ఒక నల్లరాయి పెట్టు తాతా. నువ్వు గుంటలోంచి చూశావు. నేను ఆ గుంట దగ్గరికి కూడా రాకుండా తేల్చేశాను."

ఆ వేసవంతా మద్ది అడవి బురదే తాగింది. దుప్పి పిల్లలకు మళ్లీ గొంతులు వాచాయి. రోజూ పొద్దున్నే పెద్దయ్య అందరికంటే చివర, అడుగు బురద తాగేవాడు. ఎవరూ తాగమనలేదు. తనే తాగేవాడు.

అయితే మర్నాటినుంచే సాధన మొదలైంది. చెవులయ్యకు నేర్పింది ఎవరనుకున్నారు? దుబ్బన్న. మెత్తగా అందించడంలో అడవి మొత్తంలో వాడిని మించినవాళ్లు లేరు మరి. దగ్గర నిలబడి, ఇదిగో బావా, వస్తోంది చూడు బావా అంటూ దూదిపింజలా వేసేవాడు. రోజుకో అడుగు వెనక్కి జరిగేవాడు. వానలు పడేసరికి చెవులయ్య ఒక కన్ను తెరిచాడు. చలి వచ్చేసరికి రెండోదీ తెరిచాడు. కాయ ఇంత గుండ్రంగా ఉంటుందని నాకు తెలియదే అని ఆశ్చర్యపోయాడు కూడా.

తాత రాళ్లు మానలేదు. గుంట మానేశాడు, అంతే. గట్టు మీద తామరాకు కప్పుకుని కూర్చుంటాడు. ఇప్పుడు ఒక్కో రాయి పెట్టడానికి చాలాసేపు పడుతుంది. ఎంత దూరం వేశారు, మీద ఎవరు పడ్డారు, పట్టేవాళ్లు ఏం చేశారు అని అందరినీ అడిగి విసిగిస్తాడు. రివట కూడా విసుక్కుంటుంది. దాని తోక మళ్లీ ఆడుతోంది.

మరుసటి ఏడు రెండో వంతులోనే రివట విసిరింది. చెవులయ్య కళ్లింత చేసుకుని పట్టాడు. ఆ మర్నాడు తెల్లారేసరికి మడుగు దగ్గర అందరికంటే ముందు మూతులు ముంచింది దుప్పి పిల్లలు.

అయిపోయింది. ఏమిటలా చూస్తున్నారు? చెవులయ్యను ఇంతసేపు ఆటపట్టించాను కదా, వాడి కళ్ల సంగతి నాకు అంత బాగా ఎలా తెలుసనా? సరే, చెప్పేస్తాను, నవ్వకూడదు. సాయంత్రం మా వీధిలో క్రికెట్ ఆడేటప్పుడు బంతి పైనుంచి నా మీదికి వస్తే నేనూ కళ్లు మూసుకుంటాను. నిన్న కూడా మూసుకున్నాను. మా బాబాయి కొడుకు ఎంత బాగా బౌలింగ్ వేసినా వాడికి వికెట్లు పడవని వీధంతా అనుకుంటోంది. ఈ కథ వాడికి మాత్రం చెప్పకండి.

నీతి: ఎన్ని పడ్డాయో రాళ్లు చెప్తాయి, ఎందుకు పడ్డాయో మనమే లేచి వెళ్లి చూడాలి; అది చూడకుండా ఎవరినీ తక్కువా అనకూడదు, ఎక్కువా అనకూడదు.