ఉప్పులేని శనగలు

కామసానమ్మను ఏదైనా అడిగితే ఆ పూటే జవాబు రాదు. "సరే, చూద్దాం" అని మళ్లీ చేటలో బియ్యం ఏరుకుంటుంది. వాదించి గెలవాలని వచ్చినవాళ్లకి ఇంతకన్నా ఒళ్లు మండే సంగతి ఇంకోటి ఉండదు.

ఈసారి ఒళ్లు మండింది నీలగడ్డ రాణి సూరాంబికకి. ఏడో ఏటి నుంచి, అంటే పద్నాలుగేళ్లుగా, ఆమె కామసానమ్మ శిష్యురాలు. గురువమ్మ ఇంటిని ఆనుకునే, గోడకి ఇవతల, తనకో విడిది కట్టించుకుంది.

"కోటకి వందేళ్ల పండగ తలపెట్టానమ్మా. దీవి రాజు సముద్రం అవతలి నుంచి గుర్రాలు పంపుతాడు, బదులేమీ అడగడు. అందుకని ఆయన్ని పిలవడానికి కుంకుమభరిణె ఇచ్చి మంత్రినే ఓడ ఎక్కించాను. ఎగువనాడుకీ దిగువనాడుకీ కమ్మలు రాసి పంపాను. గట్టు దాటితే వాళ్లే కదా, ఇంటివాళ్లకి మర్యాదలేమిటి? అంతమాత్రానికే కుళ్లుకుని దిగువనాడు ఉప్పుబళ్లు ఆపేసింది. ఎగువనాడు ఏటికి అడ్డుకట్ట వేస్తానంటోంది. దీవి నుంచి సైన్యం రప్పించనా? వాళ్ల కుళ్లుకి నేనెందుకు తల వంచాలి?"

"సరే, చూద్దాం" అంది కామసానమ్మ.

మర్నాడు గురువమ్మ ఇంట్లో నోము. పొద్దున్నే కుంకుమభరిణె పట్టుకుని, కర్ర పొడుచుకుంటూ, రాణి గుమ్మం దాటుకుని ఊరి చివరిదాకా నడిచింది. దీవి నుంచి వారం కిందట దిగిన వర్తకుడి భార్య అక్కడ ఉంటోంది. ఆమెకి బొట్టు పెట్టి, రెండు చేతులూ పట్టుకుని మరీ పిలిచిందని దాసి లచ్చి చూసొచ్చి చెప్పింది. తిరిగొస్తూ గురువమ్మ గోడ మీంచి ఒక్క కేక వేసింది.

"సూరమ్మా, పొద్దెక్కాక నువ్వూ రా."

జడ అల్లుకుంటున్న సూరాంబిక చెయ్యి ఆగిపోయింది.

"పిలిచారుగా, పట్టుచీర తియ్యనా?" అంది లచ్చి.

"అదొక పిలుపటే? పెరట్లో కోడిని పిలిచినట్టుంది."

"కోడైతే ఈపాటికి వెళ్లేదమ్మా."

మధ్యాహ్నానికి గోడ అవతల శనగల పోపు ఘుమఘుమలాడింది. "ఇస్తినమ్మ వాయనం" అంది గురువమ్మ గొంతు. ఆ దీవి మనిషి కూడా "ఇస్తినమ్మ వాయనం" అనే అంది. అమ్మలక్కలంతా ఘొల్లుమన్నారు. "కాదు తల్లీ, పుచ్చుకుంటినమ్మ అనాలి" అని గురువమ్మ ఎంత ముద్దుగా నేర్పిందో! తనకి ఎప్పుడైనా అలా నేర్పిందా? గురువమ్మకి విషజ్వరం వస్తే నలభై రోజులు కాళ్లు పిసికింది ఎవరు? వారం కిందట వచ్చినదానికి బొట్టు, పద్నాలుగేళ్ల నుంచి ఉన్నదానికి కేక. ఆ మనిషి తిరిగెళ్లే దారిలో ఒక మంచి ముల్లుంటే బాగుండునని కూడా అనుకుంది, రాజ్యమేలే మనిషి.

గురువమ్మ ఇంటికి నీళ్లు రాణి బావి నుంచే వెళ్తాయి, గోడలోని చిన్న తలుపు గుండా. సూరాంబిక లేచి వెళ్లి ఆ తలుపుకి గడియ పెట్టింది.

సాయంత్రం అవతలి నుంచి తలుపు మీద చప్పుడైంది. సూరాంబిక వచ్చి గడియ మీద చెయ్యి వేసింది గానీ తియ్యలేదు.

"సూరమ్మా, బిందె ఖాళీ. నోముకి రాలేదేం?"

"నాకు బొట్టు పెట్టి పిలిచారా?"

"ఇంటిదానివి కదా. ఇంటివాళ్లకి మర్యాదలేమిటి అనుకున్నాను."

సూరాంబిక నోరు తెరిచింది. ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి మూసుకుంది. అప్పుడు చూసుకుంది, చెయ్యి ఇంకా గడియ మీదే ఉంది.

గడియ తీసింది. తానే నీళ్లు తోడి బిందె నింపింది. "లచ్చీ, కుంకుమభరిణెలు రెండు తియ్యి. బండి కట్టమను. ముందు దిగువనాడుకి, అట్నుంచి ఎగువకి. నేనే వెళ్తాను."

అయినా కడుపులో మంట పూర్తిగా చల్లారలేదు. "వచ్చే నోముకి కూడా ఆవిడకి బొట్టు పెడతారా?" అని అడిగింది.

"పెట్టనూ? అంత దూరం నుంచి వచ్చింది." కామసానమ్మ బిందె చంకనెత్తుకుంది. "నీ శనగలు తీసిపెట్టాను. ఉప్పు దొరకలేదు, చప్పగా ఉన్నాయి. వెళ్లొచ్చాక తిందువుగాని."