పూలు లేని ముడులు

మాణిక్యాంబ వాళ్ళమ్మ కథ నలభై పేజీలు రాసింది.

మర్నాడు ఆ తల్లి తద్దినం. చెల్లెలు సుభాషిణి వస్తుంది. అమ్మ పోయేనాటికి దానికి ఏడాదిన్నర. "అక్కా, నాకు అమ్మ ముఖమే తెలియదే" అని ఏటా అంటుంది. ఈసారి ఈ కథ చదివి చెల్లెలికి అమ్మని చూపించాలని మాణిక్యాంబ ఆశ.

ముందుగా గురువుగారికి చూపించుకుందామని వెళ్ళింది. ఊళ్ళో పురాణం చెప్పే వెంకూబాయమ్మగారే ఆమెకు గురువు. ఆవిడ దగ్గర ఒక ఆచారం ఉంది. కొత్త కథ ఏదైనా సరే, ఆవిడ ఇంట్లో స్వామికి మాల కట్టే పోలమ్మకి మొదట వినిపించాలి.

"ఆవిడకి చదువు రాదు కదండీ?"

"చెవులున్నాయిగా. చదువు."

పోలమ్మ కాళ్ళు చాపుకుని, దారం కొస బొటనవేలికి తగిలించుకుని మల్లెలు కడుతోంది. మాణిక్యాంబ మొదలుపెట్టింది.

తొలి పేజీలో తెల్లవారింది, పక్షులు కూశాయి. ఆరో పేజీ దాకా తాతముత్తాతలు. ఆ పైన అమ్మ కరుణామయి అయింది, త్యాగమూర్తి అయింది, ఓర్పులో భూదేవి అయింది. పోలమ్మ తల ఎత్తలేదు. రెండు పూలు, ఒక ముడి. రెండు పూలు, ఒక ముడి.

"...అమ్మ ఏదైనా గుర్తుంచుకోవాలంటే పమిట చెంగుకి ముడి వేసుకునేది. సాయంత్రానికి అది దేనికి వేసిందో మరిచిపోయేది. చెంగు పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ 'ఇది దేనికే పిల్లలూ?' అని మమ్మల్నే అడిగేది..."

పోలమ్మ కిసుక్కున నవ్వింది. "మరి గుర్తొచ్చిందా తల్లీ?"

"అది కొట్టేయాల్సిన ముక్కలెండి. అసలు కథ ముందుంది, వినండి."

ముందు కన్నీళ్ళున్నాయి. ఆఖరి రెండు పేజీల్లో లోకంలోని బిడ్డలందరికీ హితబోధ ఉంది.

"ఎలా ఉందండీ?" అంది మాణిక్యాంబ గురువుగారి వైపు తిరిగి.

వెంకూబాయమ్మగారు కట్టిన మాల తీసి శిష్యురాలి చేతుల్లో పెట్టారు. ఎందుకో అర్థం కాక మాణిక్యాంబ దాన్ని తడుముతూ పోయింది. ఒత్తుగా, తీరుగా ఉంది. ఒక్కచోట మాత్రం నాలుగు వేళ్ళ మేర ఉత్త ముడులే. పువ్వు లేదు.

"ఇక్కడ పూలే పెట్టలేదేమిటి పోలమ్మగారూ?"

"అయ్యో, నా మతి మండా! ఇలా ఇవ్వమ్మా, విప్పి కడతాను."

"విప్పకు," అన్నారు వెంకూబాయమ్మగారు. ఆ మాలనే తీసుకెళ్ళి స్వామికి వేశారు, ఆ ఖాళీ సరిగ్గా గుండెల మీదకి వచ్చేలా.

"ఈ ఉత్త ముడులు పడుతున్నప్పుడు నువ్వేం చదువుతున్నావే, మాణిక్యం?"

మాణిక్యాంబ మాలను చూసింది. చేతిలోని కాగితాలు చూసుకుంది. నమస్కరించి ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు భోజనాలయ్యాక ఆమె చదివింది రెండే పేజీలు. బాగుందని ఎవరూ అనలేదు. సుభాషిణి మాత్రం తన పమిట చెంగు గుప్పిట్లో పట్టుకుని, అక్క దగ్గరగా జరిగి కూర్చుంది.

"ఇంతకీ అమ్మ ఆ ముడి దేనికి వేసుకుందే?"