అగ్గిపెట్టెల గ్రాఫు

ఏటిగడ్డవలస హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే సంతోషికి తెలివి ఎక్కువే, కానీ ఏ పనైనా అందరికంటే ముందు ముగించేయాలనే తొందర అంతకంటే ఎక్కువ. లెక్క పూర్తిగా చదవకముందే జవాబు రాసేసేది. చాలాసార్లు ఆ జవాబు సరిగ్గానే ఉండేది. అందుకే అది లోపమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు లెక్కలు చెప్పడానికి దమయంతి టీచరు కొత్తగా వచ్చారు. గ్రాఫుల పాఠం రాగానే ఆవిడ పుస్తకం తెరవలేదు. ఇళ్లలో ఖాళీ అయిన అగ్గిపెట్టెలు పోగుచేసి తెమ్మని పిల్లలకు చెప్పారు. పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి ఒక కొక్కెం కాటా అడిగి తెచ్చారు. బళ్లో మధ్యాహ్నం వండిన అన్నంలో రోజూ ఎంత మిగిలిపోతోందో పిల్లలే తూచాలి. కిలోకి ఒక అగ్గిపెట్టె చొప్పున పెద్ద అట్ట మీద అతికించాలి. ఏ రోజు వరస ఆ రోజుదే. నాలుగు వారాలు అలా చేస్తే గ్రాఫు తయారవుతుంది. తూచి రాసే పని ఎవరికి ఇద్దామని టీచరు అడిగేలోపే సంతోషి చెయ్యెత్తేసింది.

ఆ బళ్లో తొమ్మిదేళ్లుగా వంట చేస్తున్నది నూకాలమ్మ. పిల్లలంతా ఆమెను పిన్నీ అనే పిలిచేవారు. ఎవరు వంకాయ తినరో, ఎవరికి చారు ఎక్కువ పోయాలో ఆమెకు నోటికి వచ్చు. సంతోషికి మాడుచెక్క ఇష్టమని గిన్నె అడుగున గీకి విడిగా దాచేది. తూచే పని సంతోషిదని తెలిసి ఎంతో మురిసిపోయింది. పిల్ల చేతులు పాడవకూడదని మిగిలిన అన్నం బకెట్లో వేసి, బకెట్ చుట్టూ శుభ్రంగా తుడిచి మరీ కుళాయి వెనక ఉంచేది.

మొదటి వారం సంతోషి శ్రద్ధగానే తూచింది. సోమవారం మూడు కిలోలు. మంగళవారం ఎనిమిది. తరవాత రోజుల్లో రెండు, మూడు, రెండు, మూడు. అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది.

రెండో వారంలో ఖోఖో జట్టు ఎంపిక మొదలైంది. ఆ ఆటలు సరిగ్గా భోజనాలయ్యాకే. కుళాయి వెనక ఈగల మధ్య నిలబడి బకెట్ ఎత్తి కాటాకు తగిలించాలంటే సంతోషికి విసుగొచ్చింది. ఒక రోజు దూరం నుంచే చూసి నాలుగు కిలోలని రాసింది. మర్నాడు అసలు చూడనే లేదు. బళ్లో అన్నం బాగా వృథా అవుతోందని ఎవరో అనగా ఒకసారి విన్నది, ఆ మాట పట్టుకుని అంకెలు మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయింది. నాలుగు, ఐదు, ఆరు. ఆఖరి శనివారానికి పదకొండు.

ఆమె అంకెలు చెబుతుంటే మిగతా పిల్లలు పెట్టెలు అతికించారు. మెట్లు కట్టినట్టు గ్రాఫు పైకి లేచింది. మొదటి మంగళవారం నాటి ఎనిమిది పెట్టెలు మాత్రం మధ్యలో కొయ్యలా నిలబడి అందం చెడగొడుతున్నాయనిపించింది. సంతోషి వాటిలో ఐదు పీకేసింది.

దమయంతి టీచరు ఆ గ్రాఫు చూసి చాలా సంతోషించారు. అందరికీ కనబడేలా వరండాలో వేలాడదీయించారు. రెండు రోజులపాటు సంతోషి కాలు నేల మీద నిలవలేదు.

మూడో రోజు బడి కమిటీ పెద్ద తిరుపతినాయుడు ఏదో పని మీద వచ్చి ఆ అట్ట ముందు ఆగాడు. అదేమిటని అడిగి తెలుసుకున్నాడు. చివరి వరసలు చూసి మొహం చిట్లించాడు. పిల్లలు రోజురోజుకీ తినడం మానేస్తున్నారంటే వంటలోనే ఏదో తేడా ఉందన్నాడు. శుక్రవారం కమిటీ కూర్చుని వంటకు వేరే మనిషిని పెడుతుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాట సాయంత్రానికల్లా నూకాలమ్మ చెవిన పడింది.

మర్నాడు బడి వదిలాక సంతోషి సంచీ భుజాన వేసుకుని వరండాలోకి వచ్చేసరికి నూకాలమ్మ అట్ట ముందు నిలబడి ఉంది. పెట్టెలను ఒక్కొక్కటే వేలితో తాకుతోంది. ఆమెకు చదువు రాదు.

"ఇది ఏ రోజుది అమ్మా?" అని చివరి వరస చూపించి అడిగింది.

"మొన్నటి శనివారానిది పిన్నీ."

"పదకొండు కిలోలు పారేశామా ఆ రోజు?"

సంతోషి తలూపింది. నూకాలమ్మ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు మెల్లగా అంది.

"శనివారం గుడ్డు కూర కదా. తొమ్మిదో తరగతి పిల్లలు మళ్లీ మళ్లీ అడిగితే, గిన్నె ఖాళీ అయిపోయి నా పళ్లెంలోది పెట్టేశాననుకుంటున్నాను. ఇంటికెళ్లి గంజి తాగాననుకుంటున్నాను. ఏటో, నానే మర్చిపోయుంటాను. మీరు తూచి పెట్టింది తప్పెలా అవుద్ది?"

ఆమె కళ్లు తుడుచుకుంది. తన కూరల్లో ఏది బాగోలేదో చెప్పమనీ, వెళ్లిపోయేలోపు ఒక్క రోజైనా పిల్లలకు నచ్చేలా వండి పెడతాననీ బతిమాలింది.

సంతోషి గబగబా గేటు దాటి వెళ్లిపోయింది. తను ఆడుకుంటూ రాసిన అంకెను నమ్మి, ఆ మనిషి తన ఆకలినే తను అనుమానించుకుంటోంది. ఇంటికి వెళ్లే దారి పట్టిన పిల్ల సగంలో వెనక్కి తిరిగింది. దమయంతి టీచరు ఇంకా స్టాఫు రూములోనే ఉన్నారు. సంతోషి నోటుపుస్తకం ఆవిడ ముందు పెట్టి, మొదటి వారం తప్ప మిగతావన్నీ తూచకుండా రాసినవేనని చెప్పింది. మంగళవారం పెట్టెలు పీకేసిన సంగతి కూడా దాచలేదు.

తిడతారని తలదించుకుని నిలబడింది. టీచరు తిట్టలేదు.

"తప్పు నీ ఒక్కదానిదే కాదు," అన్నారు. "గ్రాఫు అందంగా వచ్చిందని నేనూ మురిసిపోయాను. ఒక్క రోజూ కాటా దగ్గరికి వచ్చి చూడలేదు. శుక్రవారం నా వంతు నేను ఒప్పుకుంటాను. నీ వంతు నువ్వే చెప్పాలి."

శుక్రవారం కమిటీ వాళ్లంతా వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నూకాలమ్మ స్తంభం పక్కన నిలబడింది. సంతోషి అట్ట దగ్గరికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతూనే రెండో వారం నుంచి చివరి దాకా ఉన్న పెట్టెలన్నీ ఒలిచి కింద పెట్టింది. పీకేసిన ఐదింటినీ మొదటి మంగళవారం మీద తిరిగి అతికించింది. అట్ట మీద ఆరు వరసలు మిగిలాయి. దమయంతి టీచరు కూడా లేచి తన పొరపాటు చెప్పారు.

తిరుపతినాయుడికి కోపం వచ్చింది. మరి వంట బాగుందో లేదో తమకెలా తెలుస్తుందని అడిగాడు.

"ఇంకో మూడు వారాలు గడువివ్వండి బాబాయ్ గారూ," అంది సంతోషి. "తూచి చెబుతాను."

నాయుడు నూకాలమ్మ కేసి, పిల్ల కేసి మార్చి మార్చి చూసి, చివరికి సరేనన్నాడు.

అందరూ వెళ్లాక సంతోషి నూకాలమ్మ దగ్గరికి వెళ్లింది. క్షమించమని అడగబోయి ఏడ్చేసింది. నూకాలమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. "అయితే నాకు మతిమరుపు రాలేదన్నమాట," అని నవ్వింది. ఆ నవ్వుకి సంతోషి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఆ మూడు వారాలూ ఖోఖో మానుకుని సంతోషి రోజూ తూచింది. ఇద్దరు స్నేహితురాళ్లను పక్కన నిలబెట్టి కాటా ముల్లు వాళ్లకూ చూపించేది. ఈసారి గ్రాఫు మెట్లలా రాలేదు. రెండు, మూడు పెట్టెల పొట్టి వరసల మధ్య మంగళవారాలు మాత్రం తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది పెట్టెలతో పొడుగ్గా లేచాయి. మంగళవారమే ఎందుకని పిల్లలు తరగతిలో తలలు బద్దలు కొట్టుకున్నారు. ఆ రోజు కూరే కారణమేమోనని రెండో మంగళవారం కూర మార్పించి చూశారు. పెద్దగా తేడా రాలేదు. మూడో మంగళవారం సంతోషి భోజనాల వేళ బంతిలో కూర్చున్నవాళ్లను లెక్కపెట్టింది. మిగతా రోజులకంటే ముప్పై మంది తక్కువ. ఆరా తీస్తే సంగతి తెలిసింది. ఊళ్లో మంగళవారం సంత. ఆ ముప్పై మందీ గోడ దాటి వెళ్లి, సంతకొచ్చిన తమ అమ్మల దగ్గర బజ్జీలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తిని వస్తున్నారు.

వంటలో ఏ లోపమూ లేదని తేలింది. నూకాలమ్మే వంట చేయాలని కమిటీ తీర్మానించింది. మంగళవారాలు బియ్యం కాస్త తగ్గించి వండమని మాత్రం చెప్పారు. ఆ తరవాతి మంగళవారం మిగిలింది రెండు కిలోలే.

కొత్త గ్రాఫు వరండాలో వేలాడుతున్న రోజున నూకాలమ్మ దాని ముందు నిలబడి, మధ్యలో పెట్టెలేమీ లేని ఒక ఖాళీ చూపించి అదేమిటని అడిగింది.

"ఆ రోజు కాటా కొక్కెం విరిగింది పిన్నీ. ఎంత మిగిలిందో నాకు తెలియదు. అందుకే ఖాళీగా వదిలేశాను," అంది సంతోషి.

మనం రాసే ప్రతి అంకె వెనక ఒక మనిషి ఉంటాడు. కాబట్టి స్వయంగా చూసి, కొలిచిందే రాయాలి. తెలియని చోట తెలియదని ఒప్పుకోవాలి.