పొగ రంగు అడిగిన తిప్పక్క

ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి. నిద్ర వచ్చేవాళ్లు గోడకు ఆనుకోండి. ఇది మన అవ్వల అవ్వలు కూడా పుట్టని నాటి మాట.

ఒక ఊరుండేది. ఊరి చుట్టూ గుట్టలుండేవి. గుట్టల మీద చెట్లుండేవి. జనం చెట్లను నరికి పొయ్యిలో పెట్టినారు. పొదలు మిగిలితే పొదలు నరికినారు. వేళ్లు మిగిలితే వేళ్లు తవ్వుకున్నారు. ఒక్క మొక్క నాటుదామని మాత్రం ఎవరికీ తోచలేదు. చివరికి ఒక వానాకాలం ఇళ్ల తలుపులు పీకి వాటితో సంగటి వండుకున్నారు. మరుసటి ఏడు పీకడానికి తలుపులు కూడా లేవు. వానలు నెల దూరంలో ఉన్నాయి.

ఆ ఊళ్లో తిప్పక్క అనే కుమ్మరి ముసలమ్మ ఉండేది. మొగుడు పోయినాడు, కొడుకు పోయినాడు. మిగిలింది కోడలు గిడ్డమ్మ. గిడ్డమ్మ నోటికి ఊరంతా జడిసేది.

తిప్పక్క నలభై ఏళ్లు కుండలు కాల్చే ఆవం ముందు కూర్చుంది. పొగ సంగతి ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒకనాడు ఊరివాళ్లను పిలిచి చెప్పింది.

"శనక్కాయల పొట్టు ఊరి బయట కుప్పలు పడి ఉంది. పొయ్యిలో వేస్తే భగ్గుమని ఆరిపోతుందని పారేస్తున్నారు. గుంత తీసి దాన్ని పోయండి. నిప్పు పెట్టి, పైన మట్టి మెత్తి, ఒక్క బొక్క వదలండి. మొదట తెల్ల పొగ వస్తుంది, అది తడి. తరువాత పసుపు పొగ, అది పచ్చిదనం. చివర సన్నటి నీలి పొగ. అప్పుడు బొక్క మూస్తే పొట్టు బొగ్గవుతుంది. ముందే మూస్తే పచ్చిది. ఆలస్యమైతే బూడిద. బొగ్గును గంజితో కలిపి ఉండలు చేసి ఎండబెట్టుకుంటే వానాకాలం గడుస్తుంది."

ఊళ్లో ఉన్న పొట్టు మూడు గుంతలకు సరిపోయింది. అంతకు మించి లేదు.

మొదటి గుంత దగ్గర ఊరి పెద్ద కంబిరెడ్డి నిలబడ్డాడు. తిప్పక్క మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుని అడిగింది.

"పొగ ఏ రంగు?"

కంబిరెడ్డికి ఎండ మండుతోంది. ఇంటికి పోవాలి. "నీలి రంగే అవ్వా, నీలి రంగే" అన్నాడు. బొక్క మూసినారు. రెండు రోజులకు తవ్వి చూస్తే పొట్టు పచ్చిగా ఉంది, బంకగా ఉంది. పొయ్యిలో వేస్తే ఇల్లంతా దగ్గు.

రెండో గుంత దగ్గర బడి అయ్యవారు నిలబడ్డాడు. తిప్పక్క మాటలను ఆయన పద్యంలా కంఠతా పెట్టినాడు. పిల్లలచేత కూడా వల్లె వేయించినాడు.

"పొగ ఏ రంగు?"

"తెలుపు జామున్నర, పసుపు జామున్నర. మొన్నటి గుంత తొందరపడి మూసినారని దానికి రెట్టింపు లెక్క కట్టినాను. ఇంకా పసుపే."

"అయ్యోరూ, పొగ చూసి చెప్పండి."

"చూసేదేముంది? అంతా నోటికి వచ్చు!"

అది బాగా ఎండిన పొట్టు. లెక్క కంటే ముందే కాలింది. తవ్వి చూస్తే గుంత నిండా బూడిద. గిన్నెలు తోముకోవడానికి పనికొచ్చింది, అంతే.

ఇంక ఒక్క గుంత. పడమట మబ్బు లేస్తోంది. తిప్పక్కకు ఒళ్లు తూలుతోంది. అయినా కూర్చుంది. ఈసారి గిడ్డమ్మ వచ్చి నిలబడింది.

"పొగ ఏ రంగు?"

"తెలుపు. నీ తలలాగే ఉంది."

చాలాసేపు గడిచింది.

"పొగ ఏ రంగు?"

"పసుపు. కళ్లు మండుతున్నాయి. నన్నే అడిగి చంపకపోతే నువ్వు చూడరాదా అత్తా?"

వెనక నుంచి కంబిరెడ్డి అరిచినాడు. "వాన వస్తోంది, మూసెయ్యి!" అయ్యవారూ అరిచినాడు. "లెక్క ప్రకారం ఇప్పుడు నీలి రంగే, మూసెయ్యి!"

"మీ కళ్లు ఇంట్లో పెట్టి వచ్చినారా? పసుపుగా ఉంటే నీలి అని ఎట్లా చెప్పేది?" అంది గిడ్డమ్మ. అని అత్త వైపు తిరిగింది. పొగ కుడి పక్క లేస్తోంది. తిప్పక్క ఎడమ పక్కకు ముఖం పెట్టి ఉంది.

గిడ్డమ్మ వంగి, గొంతు తగ్గించి అడిగింది. "అత్తా, నీకు కనబడదా?"

"మూడేళ్లుగా చూపు మసకబారి, ఈ ఎండాకాలం పూర్తిగా పోయింది. ఆవం పొగ కళ్లు తినేసింది."

"ముందే చెప్పకూడదా, ముసలిదానా!"

"గుడ్డిదాని మాట ఎవరు వింటారే? అలిసిపోయినాను గిడ్డీ. పొగ ఏ రంగు?"

గిడ్డమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. "ఇంకా పసుపే." కొంతసేపటికి, "పలచబడుతోంది." ఇంకా కొంతసేపటికి, "నీలి రంగు అత్తా. సన్నగా, నీలిగా."

"మూయి."

మూసినారు. మబ్బు ఆ రోజు కురవకుండా పోయింది. రెండు రోజులకు తవ్వితే నల్లటి బొగ్గు, చేత్తో పట్టుకుంటే చిటచిటలాడుతూ.

అందరూ సంతోషంతో కేకలు వేస్తుంటే తిప్పక్క కోడలి భుజం పట్టుకుని లేచింది.

"నాకు కళ్లు లేవు. ఆ మాట దాచినాను. పసుపో నీలో నాకు తెలిసి ఉంటే మొదటి రెండు గుంతలు పోయేవి కావు. మీ పొట్టు పోయింది నా మూలాన."

కంబిరెడ్డి తల వంచుకున్నాడు. అయ్యవారు ముందుకు వచ్చి అన్నాడు. "అమ్మా, నీకు కళ్లు లేక చూడలేదు. మేము కళ్లుండీ చూడలేదు. ఎవరి తప్పు పెద్దదో పిల్లలు కూడా చెబుతారు."

"పెద్దదీ చిన్నదీ ఎంచుకుంటే పొయ్యి వెలగదు. గంజి కాయండి" అంది తిప్పక్క.

ఆ ఉండలతో ఊరు ఆ వానాకాలం ఒక పూట వండుకుని, ఒక పూట పస్తుండి గడిపింది. వానలు తగ్గక ముందే తిప్పక్క పోయింది. మరుసటి ఏడు ఒక్క గుప్పెడు పొట్టు కూడా ఎవరూ పారేయలేదు.

ఇప్పటికీ ఆ గుట్టల పక్క ఊళ్లలో పొట్టు కాల్చేటప్పుడు పని బాగా తెలిసినవాళ్లు గుంతకు వీపు పెట్టి కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాళ్లే పొగ చూసి చెప్పాలి. తప్పు చెబితే ఎవరూ తిట్టరు. చూడకుండా చెబితే మాత్రం ఆ పూట సంగటి లేదు, వాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే.

తెలియని సంగతి ఎవరైనా అడిగితే, అక్కడివాళ్లు తెలిసినట్టు నటించరు. సిగ్గుపడకుండా ఇట్లా అంటారు: "నావి తిప్పక్క కళ్లు. మీరే చూసి చెప్పండి."