దీపానికి రాని పురుగు

ఈ కథలో ముందు జరిగింది వెనక్కీ, వెనక జరిగింది ముందుకీ వెళ్ళి ఉండవచ్చు. ఈ మధ్య నా జ్ఞాపకం అలాగే ఉంది. నేను చెబుతుంటే పార్వతి రాసిపెడుతోంది. శాలువా సంగతీ, చివర అమ్మగారు అన్న మాటా మాత్రం తప్పు పోలేదు.

నేరేడుగెడ్డ ఆశ్రమం మన్యం కొండల్లో, కాఫీ తోటలకు పైన ఉంది. తెల్లవారేసరికి మబ్బు వచ్చి వరండాలో కూర్చుంటుంది. ఎండెక్కితే గాని లేచి వెళ్ళదు. అక్కడి గురువు బంగారమ్మగారు. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. అడిగినవాళ్ళకు ఏదో ఒక పని అప్పజెప్పి, తాను పక్కన కూర్చునేవారు.

ఆరాధన దగ్గరపడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆవిడ శిష్యురాలు వరహాలమ్మ అడిగింది. "అమ్మగారూ, విన్న మాట మనసులోంచి జారిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

ఊరికే అడిగిన మాట కాదది. ఆశ్రమం కట్టిన పైడయ్య గురువుగారి చేతుల్లో పెరిగిన మనిషి వరహాలమ్మ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ మధ్య కళ్ళు మూసుకుంటే ఆయన ముఖం వస్తోంది గాని గొంతు రావడం లేదు. ఎంత వెతికినా రావడం లేదు. ఇక ఆమెకు మిగిలింది ఆయన శాలువా ఒక్కటే. తేనె రంగు ఉన్ని శాలువా, లోపలి గదిలో ఒక పెట్టెలో దాచింది. ఉతికితే ఆయన వాసన పోతుందని ఉతకలేదు, ముట్టుకుంటే అరిగిపోతుందని ముట్టుకోలేదు. ఏటా ఆరాధన నాడు పెట్టెతో సహా పీఠం మీద పెట్టి, మూత తియ్యకుండానే హారతి ఇచ్చేది. ఈ ఏడు పెట్టె తుడుస్తుంటే మూత సందులోంచి చిన్న రెక్కల పురుగు ఒకటి లేచింది. ఆమె మూత కొంచెం ఎత్తి, గుప్పిళ్ళతో కలరా ఉండలు లోపల పోసి, మళ్ళీ మూసేసింది. పురుగులు వెలుగుకు వస్తాయి కదా అని, ఆ గదిలో సందె దీపం కూడా మానిపించింది.

బంగారమ్మగారు ప్రశ్న విని, లేచి ఆ గది గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు.

"దీపమేదే?"

"పురుగులొస్తున్నాయండి."

"ఈ కంపేమిటి?"

జవాబు వంటింట్లోంచి వచ్చింది. వంట చేసే ఎర్రునాయుడు గరిటె పట్టుకునే వచ్చాడు. "కలరా ఉండలండి అమ్మగారూ. వారం నుంచీ నా పప్పుచారుకి అదే తాలింపు. మన ఆశ్రమానికొచ్చి ఆ గదిలో పడుకుంటున్న బాలింత, పాపం, బిడ్డ కళ్ళు నీళ్ళు కారుతున్నాయని వరండాలోకి పోయి చలిలో పడుకుంటోంది. వరాలప్పకి చెబితే, ఉండలు తియ్యనంది. బిడ్డనే తియ్యమంది."

"నేనలా అన్లేదు!" అంది వరహాలమ్మ.

"అనలేదులెండి. చూశారంతే."

అమ్మగారు కిటికీలు తెరిపించి, దీపం వెలిగించమన్నారు. వెలిగించగానే తోటలోంచి రెండు బూడిదరంగు పురుగులు వచ్చి, నిద్రలో నడిచేవాళ్ళలా వెలుగు చుట్టూ తిరగసాగాయి. వరహాలమ్మ తువ్వాలు ఎత్తింది. అమ్మగారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"దీపానికి వచ్చేది దొంగ కాదు వరాలూ. దీపాన్ని చూసి పారిపోయేది ఎక్కడికి పోతోందో చూడు."

పెట్టె మూత మీద గడ్డిపరక రంగులో చిన్న పురుగు ఒకటి గబగబా పాకి, సందులోకి జారిపోయింది.

"దానికి తినే నోరు కూడా లేదు. ఎవరూ కదపని చీకటి చూసుకుని గుడ్లు పెట్టి పోతుంది. తినేవి లోపలున్నాయి. రేపు మబ్బు విడిచాక పెట్టె పెరట్లోకి తే."

మర్నాడు ఎండలో వరహాలమ్మ మూత తీసింది. శాలువాలో ముఖం పెట్టుకుంది. గురువుగారి వాసన లేదు. ఉన్నదంతా ఉండల ఘాటే. తాను కాపాడదామనుకున్నదాన్ని తన చేతులే తుడిచేశాయి. మడత విప్పితే లోపల చిల్లులు, సాలెపోగు లాంటి దారాల్లో తెల్లటి సన్నని పురుగులు. ఆమె అక్కడే చతికిలబడి ఏడ్చింది.

"ఏడుపు అయ్యాక దులుపు," అన్నారు అమ్మగారు, పీట వేసుకుని పక్కన కూర్చుంటూ.

ఎర్రునాయుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఉండలన్నీ మూత గట్టిగా పట్టే డబ్బాలోకి ఎత్తి, బిడ్డలకు అందకుండా బయటి కొట్టులో అటక మీద పెట్టాడు. వరహాలమ్మ ఇంటికి దూరంగా శాలువా దులిపింది. మడత మడతా కుంచెతో తుడిచింది. గోరువెచ్చని కుంకుడు రసంలో ముంచి, పిండకుండా మెల్లగా ఒత్తింది. పెట్టె మూలల్లో పేరుకున్న దుమ్మంతా గీకి, మరిగే నీళ్ళు పోసి, బోర్లించి ఎండబెట్టింది. ఆ తరవాత శాలువా దండెం మీద పరిచింది. చిల్లుల్లోంచి ఎండ దిగి, నేల మీద చుక్కలు చుక్కలుగా పడింది. గాలి వచ్చినప్పుడల్లా ఆ చుక్కలు ఆమె పాదాల మీదికి వచ్చి పోతున్నాయి.

అంచు సరిచేస్తుంటే ఒక కొస మెలి తిరిగి ఉండడం చేతికి తగిలింది. గురువుగారు మాట్లాడేటప్పుడు ఆ కొసను వేలికి చుట్టుకునేవారు. ఆమె వేలు తనకు తెలియకుండానే దాన్ని చుట్టుకుంది.

"కూడు తిన్నావా, పాపా?"

కొంచెం జీర, చివర కొంచెం నవ్వు. ఆ గొంతే. వరహాలమ్మ కదిలితే పోతుందేమోనని, దండెం పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

ఆరాధన నాటికి ఘాటంతా గాలికి పోయింది. ఆ ఏడు పీఠం మీద పెట్టె పెట్టలేదు. శాలువా పరిచి, దానికే హారతి ఇచ్చారు. సాయంత్రం మబ్బు దిగి చలి పెరిగింది. వరహాలమ్మ శాలువా మడిచి పెట్టె దగ్గరికి తీసుకుపోతుంటే, అమ్మగారు అందుకుని, మడత విప్పి, వరండాలో వణుకుతున్న బాలింతకూ బిడ్డకూ కలిపి కప్పారు.

"అమ్మగారూ! గురువుగారిదండి అది. బిడ్డ పాలు కక్కుతుంది."

"కక్కితే మళ్ళీ ఉతుకుదువుగానిలే."

బిడ్డ శాలువా కొసను నోట్లో పెట్టుకుంది. వరహాలమ్మ లాగబోయి, ఆగి, పక్కనే కూర్చుంది. కాసేపటికి మెల్లగా అంది. "నేనో మాట అడిగాను. తమరు జవాబే చెప్పలేదు."

బంగారమ్మగారు మబ్బులోకి చూస్తున్నారు.

"రేపు ఎండ కాస్తే నన్ను లేపు. ఇద్దరం కలిసి ఆరేద్దాం."

ఒసే పార్వతీ, వంటాయన ఎర్రునాయుడేనా, ఎర్రినాయుడా? మీ అమ్మనడిగి పేర్లు ఒకసారి సరిచూడవే.