సముద్రం కింద గృహప్రవేశం

సముద్రం ఒడ్డున, ఉప్పుగాలి కొట్టే చోట, ఒకానొక రాజ్యం ఉండేదండి. దాన్నేలే రాజు ఉద్దండవర్మ. పేరుకి తగ్గట్టే ఉండేవాడు. "సముద్రం మీద పోయినవాళ్ళు బోలెడుమంది. సముద్రం కింద నుంచి పోయేది నేనొక్కణ్ణే" అన్నాడొకరోజు కొలువులో. ఆ మాటకి ఎవరో చప్పట్లు కొట్టారు. ఊరి కష్టం అక్కడ మొదలైంది.

ఆగ్నేయ దిక్కున సముద్రం మధ్యలో శంఖద్వీపం. అది వేరే రాజుది. ఇక్కణ్ణుంచి అక్కడికి సముద్రం కింద సొరంగం తవ్వాలి, అందులో కర్ర పట్టాలు పరిచి వాటి మీద ఎడ్లబళ్ళు నడపాలి, అదీ ఆలోచన. సగం మనం, సగం వాళ్ళు. శంఖద్వీపం రాజు తెలివైనవాడు. "భేషుగ్గా ఉంది. మీ సగం పూర్తయ్యాక మా సగం మొదలెడతాం" అని కబురంపాడు. మనవాడు దర్పం కొద్దీ సరేనన్నాడు. చూశారా, ఎంత తేలిగ్గా అనేశాడో.

ఖజానా అడుగంటింది. కూలి ఇవ్వడానికి లేక ఇంటికొక మనిషిని తవ్వకానికి పంపాలని దండోరా వేయించారు. పై నుంచి నీళ్ళు కారుతుండగా తవ్వడమండీ. మొన్న వానాకాలం ఒక పక్క కప్పు కూలింది. కొందరు బయటికి రాలేదు. మర్నాడు వాళ్ళ ఇళ్ళకే మళ్ళీ దండోరా వచ్చింది, ఇంకో మనిషిని పంపమని.

ఆ కొలువులో పైడయ్య అని ఒక చమత్కారి ఉన్నాడు. రాజుగారికి దిగులు పుడితే నవ్వించడం అతని ఉద్యోగం. అతని బావమరిది నూకరాజు సొరంగం చివర, గునపం పట్టుకునే చోట ఉన్నాడు. పైడయ్య భార్య చిలకమ్మ పొయ్యి ముందు కూర్చుని ఒకటే మాట అంది.

"రోజూ రాజుని నవ్విస్తావు కదా. మా తమ్ముణ్ణి బయటికి తేలేవా?"

పైడయ్య అన్నం సగంలో వదిలేసి లేచాడు.

మర్నాడు కొలువులో మంత్రి విరూపాక్షయ్య ఒక ఉపాయం చెప్పాడు. "ప్రభూ, సొరంగం కూడా తమరు కట్టించిన ఇల్లే కదా. గృహప్రవేశం చేద్దాం. ఊరంతా వచ్చి చదివింపులు చదివిస్తారు. వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది?"

రాజు మీసం దువ్వాడు. "పైడయ్యా, ఏర్పాట్లు నువ్వు చూడు. రేపు ఎవరూ వంక పెట్టకూడదు. అంతా శాస్త్రప్రకారం జరగాలి."

"అంతా అంటే, ఒక్కటి కూడా వదలకుండానా ప్రభూ?"

"ఒక్కటి కూడా. ఇది నా ఆజ్ఞ."

"చిత్తం" అన్నాడు పైడయ్య. ఆ రోజు మాత్రం ఎవర్నీ నవ్వించలేదు.

గృహప్రవేశం రోజు వచ్చింది. మంత్రిగారికి ఆత్రం ఎక్కువ. పాలు పొంగక ముందే సొరంగం ముఖం దగ్గర చదివింపులు మొదలెట్టించాడు. ఒకడు గొంతెత్తి పేర్లు చదువుతున్నాడు. ఫలానా వారు చదివించిన వెండి గిన్నె. ఫలానా వారు చదివించిన పట్టుపంచె. "సొరంగంలో పోయిన గౌరయ్యగారి భార్య చదివించిన కంచు చెంబు." ఆ మాట దగ్గర ఊరంతా తల దించుకుంది. చెంబు కుప్పలో పడింది.

తర్వాత ఆవుని తెచ్చారు. ఇంట్లోకి ముందు ఆవే కదా వెళ్ళాలి. అది గుమ్మం దాకా వచ్చి, లోపలి గాలి ఒక్కసారి వాసన చూసి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి నిలబడిపోయింది. నలుగురు తోస్తే గాని కదల్లేదు.

"పశువు. దానికేం తెలుస్తుంది" అన్నాడు రాజు.

"అవును ప్రభూ, పశువు" అన్నాడు పైడయ్య. "ఇక తమరు పదండి. వంటింట్లో పాలు పొంగించాలి."

"ఇక్కడే పొయ్యి పెట్టించు."

"వంటిల్లు ఆగ్నేయ మూలనుండాలి కదా ప్రభూ. మన ఇంటికి ఆగ్నేయమంటే సొరంగం చివర. శాస్త్రం."

రాజు మంత్రివైపు చూశాడు. మంత్రికి అప్పుడే మోకాళ్ళ నొప్పి వచ్చింది.

కాగడాల వెలుగులో రాజు నడిచాడు. నడిచేకొద్దీ గాలి తగ్గింది, నీళ్ళు చీలమండలు దాటాయి. చివరికి చేరేసరికి గునపాలు పట్టుకున్న మనుషులు గోడకి అంటుకుని నిలబడి ఉన్నారు. అందులో నూకరాజు ఉన్నాడు. బావని చూసి కూడా పలకరించలేదు. పలకరించే ఓపిక లేదు.

రాయి మీద పొయ్యి పెట్టారు. మంట అంటుకుంది. పైనుంచి నీటి ధార పడి ఆరిపోయింది. మళ్ళీ అంటించారు. మళ్ళీ ఆరిపోయింది. ఒక చుక్క రాజు పెదవి మీద పడింది. ఉప్పగా ఉంది. అప్పుడు గాని తెలియలేదండి మహానుభావుడికి, తల మీదున్నది సముద్రమని. ఇంతలో కప్పుకి ఊతంగా పెట్టిన దుంగ ఒకటి కిర్రుమంది.

"చాలు. పోదాం పద."

"తొందరేముంది ప్రభూ. ఈ రాత్రికి యజమాని కొత్తింట్లోనే నిద్ర చెయ్యాలి. మంచం కూడా వేయించాను."

మంచం నీళ్ళలో ఉంది. రాజు దాన్ని చూశాడు, దుంగని చూశాడు. గొంతు తగ్గించాడు. "పైడయ్యా, వేరే దారి లేదా?"

"ఉన్నాయి ప్రభూ, రెండు. ఇది ఇల్లు కాదని బయటికెళ్ళి చెప్పి, చదివింపులన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చెయ్యడం ఒకటి."

"తీసుకున్నది తిరిగివ్వడం నా వంశంలో లేదు. రెండోది చెప్పు."

"రెండోది, ఇది ఇల్లే అనడం. గృహప్రవేశం అయిందంటే ఇల్లు పూర్తయినట్టే. పూర్తయిన ఇంట్లో ఎవరూ గునపం వెయ్యరు. అంటే మన సగం అయిపోయింది. ఇక తవ్వాల్సింది శంఖద్వీపం వారు. ఇల్లు ఇద్దరు రాజులది కాబట్టి, వాళ్ళ సగం కూడా పూర్తయ్యాక ఇద్దరు యజమానులూ ఒకేసారి నిద్ర చేస్తారని కబురు పెడదాం. అందాకా ఈ మనుషులకి ఇక్కడ పనేముంది?"

 తర్వాత రాజు నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు సొరంగమంతా తిరిగి వెనక్కొచ్చింది. గునపాల వాళ్ళెవరూ నవ్వలేదు.

"ఆ శంఖద్వీపం వాడికి వాడి మాటతోనే ముడేశావు. నాకూ వేశావులే, గమనించాను" అని చేతి కంకణం తీసి పైడయ్యకిచ్చాడు. "అందరూ బయటికి నడవండి. మన ఇల్లు పూర్తయింది."

శంఖద్వీపం రాజు మంచి ముహూర్తం చూసుకుని మొదలెడతామని జవాబిచ్చాడు. ఆ ముహూర్తం ఎప్పటికీ రాలేదు. తర్వాతి వానలకి సముద్రం సొరంగాన్ని మింగేసింది. లోపల మనిషి లేడు. ఉద్దండవర్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ, వచ్చిన అతిథికల్లా ఈ ముచ్చట చెప్పి నవ్వుతూనే ఉన్నాడు. పక్కన పైడయ్య కూడా నవ్వేవాడు. అతని ఉద్యోగం అది.

నూకరాజు పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, వల వేసుకుని బతికాడు. అయితే ఇంట్లో పడుకునేవాడు కాదు. భోరున వాన కురుస్తున్నా గోనెపట్టా కప్పుకుని ఆరుబయటే పడుకునేవాడు. చిలకమ్మ వచ్చి "తమ్ముడూ, లోపలికి రారా" అంటే, "పైన ఏమీ లేకపోతేనే నిద్ర పడుతుందక్కా" అనేవాడు.