ఎదురు కొండ మీద గౌరయ్య

పొద్దున్నుంచీ డిష్షు తిప్పీ తిప్పీ సోమేశం చేతులు పడిపోతున్నాయి. ఎదురు కొండతో లింకు మాత్రం కుదరడం లేదు.

సోమేశం ఉండేది గుమ్మకొండ మీద, పరదేశి స్వామి ఆశ్రమంలో. లోయకి అవతల చింతమెట్ట మీద స్వామి పెట్టించిన చిన్న బడి ఉంది. దాన్ని చూసుకునేవాడు గౌరయ్య, సోమేశం తరవాత స్వామికి రెండో శిష్యుడు. ఇంటర్నెట్టు గుమ్మకొండ దాకా వచ్చి ఆగిపోయింది. అవతలి వాళ్ళకీ కాస్త పంచుదామని ఆశ్రమం మేడ మీద ఒక డిష్షు, ఆ బడి కప్పు మీద ఒక డిష్షు, ఒకదాని మొహం ఒకటి చూసుకునేలా బిగించారు. మధ్యలో తీగా లేదు, ఏమీ లేదు, ఉత్త గాలే. అంత దూరం కదా, ఇక్కడ వేలెడు జరిగిందంటే అక్కడ కొండకి కొండే తప్పిపోతుంది.

రాత్రి గాలివాన వచ్చి రెండు డిష్షుల మెడలూ తిప్పేసి పోయింది. ఇంకో రోజైతే తీరిగ్గా చూసుకునేవారు. ఇవాళ మూడింటికి చింతమెట్టలో వంతల జయంతికి నర్సింగు కాలేజీ వాళ్ళ ఇంటర్వ్యూ ఉంది. ఫోన్లు పలకని ఊరది. పట్నం పోదామంటే ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడింది. ఇవాళ కాకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కాలేజీ వాళ్ళు ముందే చెప్పేశారు. పిల్ల అప్పుడే తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, బడిలో లాప్‌టాప్ ముందు కూర్చుందని గౌరయ్య వాకీటాకీలో చెప్పాడు.

నెమ్మదిగా చెప్పింది ఆ ఒక్క మాటే. తక్కినదంతా దెబ్బలాట. వంకర నీ డిష్షులోనే ఉందని ఇతను, కాదు నీదాంట్లోనేనని అతను. ఇద్దరూ ఒక్కసారే మీట నొక్కి అరిస్తే వాకీటాకీలో ఏం వినపడుతుంది? బుర్రుమని మోత తప్ప.

నిజానికి ఇద్దరూ ఒక్క దుప్పటి కప్పుకుని చలికాలాలు గడిపినవాళ్ళు. ఈ లింకు కూడా ఇద్దరూ కలిసి పెట్టిందే. పట్నం నుంచి వచ్చిన భక్తులు దాన్ని చూసి ముచ్చటపడి సోమేశానికి శాలువా కప్పారు. గౌరయ్య పక్కనే ఉన్నాడు. ఇతను కూడా చేశాడండీ అని ఒక్కమాట అంటే సరిపోయేది. సోమేశానికి నోరు పెగల్లేదు. ఆ వారంలోనే గౌరయ్య చింతమెట్టకి మకాం మార్చేశాడు.

ఎండ నెత్తి మీదికొచ్చింది. ఈసారీ తనే కుదర్చాలని సోమేశం పట్టుదల. అవతల గౌరయ్యకీ అంతే. ఇతను ఎంత తొందరగా తిప్పితే అతనూ అంత తొందరగా తిప్పుతున్నాడు.

అప్పుడు స్వామి మెల్లిగా మేడెక్కి వచ్చాడు. చంకలో చిరిగిన పంచె, చేతిలో సూదీ దారమూ. కళ్ళు ఆనడం లేదు, కాస్త దారం ఎక్కించి పెట్టమన్నాడు. సోమేశానికి ఒళ్ళు మండింది. ఇదా సమయం? అయినా స్వామి అడిగాక కాదనగలడా, చెయ్యి చాపాడు.

స్వామి దారం మాత్రమే ఇచ్చాడు. సూది తనే పట్టుకున్నాడు. సోమేశం దారం కొస తడిపి దగ్గరికి తెచ్చేసరికి, పాపం సాయం చేద్దామన్నట్టు స్వామి సూదిని ముందుకి తెచ్చాడు. దారం తప్పిపోయింది. ఇతను కుడికి పోతే స్వామి ఎడమకొచ్చాడు. ఇతను ఎడమకొస్తే స్వామి కుడికి పోయాడు. చివరికి సోమేశం విసుక్కున్నాడు.

"మీరు కదలకుండా పట్టుకోండి స్వామీ. నేను వస్తాను కదా!"

"అలాగే నాయనా," అన్నాడు స్వామి. దారం ఒక్క దెబ్బకి ఎక్కింది.

స్వామి పిట్టగోడ నీడన కూర్చుని పంచె కుట్టుకోసాగాడు.

సోమేశం డిష్షు మీద చెయ్యి వేశాడు, తిప్పలేదు. లోయకి అవతల బడి కప్పు అగ్గిపెట్టంత కనపడుతోంది. దాని మీద గౌరయ్య కూడా పొద్దున్నుంచీ తిండి మానేసి తిప్పుతూ ఉంటాడు. తను సరైన చోటికి వచ్చిన ప్రతిసారీ అతను దాటిపోయి ఉంటాడు. అతను వచ్చినప్పుడు తను అక్కడ లేడు.

డిష్షుని ఆ కప్పుకేసి సూటిగా పెట్టి మరలు బిగించేశాడు. వాకీటాకీ అందుకున్నాడు.

"గౌరయ్యా, నేను బిగించేశాను. ఇంక ముట్టుకోను. నువ్వు రా."

చేతులు ఊరుకోనివ్వడం లేదు. సోమేశం వాటిని చంకల్లో దాచుకుని నిలబడ్డాడు. ఏమీ చెయ్యకుండా ఉండడం ఇంత కష్టమని అతనికి అంతవరకూ తెలియదు.

"ఉన్నావా?" గౌరయ్య గొంతు.

"ఉన్నాను."

"కదలకు."

"కదలను రా."

డిష్షు కింద, లింకు ఎంత తగిలిందో చూపించే పెట్టె మీద పచ్చదీపం ఒకటి వెలిగింది. కాసేపటికి రెండోది. ఇప్పుడు నేనుంటాను, నువ్వు కొంచెం సర్దుకో అన్నాడు గౌరయ్య. సోమేశం మర వదులు చేసి ఇసుమంత జరిపాడు. దీపాలన్నీ వెలిగాయి.

కిందికి పరుగెత్తుకెళ్ళి లాప్‌టాప్ తెరిచి బడికి వీడియో కాల్ కలిపాడు. తెర మీద జయంతి. కాసేపటికి ఆమె వెనక గౌరయ్య, మొహమంతా చెమట, నవ్వాలా వద్దా తెలియనట్టు నిలబడ్డాడు. మూడు కావస్తోంది. స్వామి మెట్లు దిగి వచ్చి తెరలోకి తొంగిచూశాడు.

"ఇంతకీ కుదిర్చింది ఎవర్రా?"

"గౌరయ్యే స్వామీ," అని ఇక్కడ ఇతను, "సోమేశమే స్వామీ," అని అక్కడ అతను, ఇద్దరూ ఒక్కసారే అన్నారు. మాటలు ఒకదాని మీదొకటి పడి ఏదీ తెలియలేదు. కాదు కాదంటూ మళ్ళీ ఇద్దరూ మొదలెట్టారు. జయంతి కంగారుగా గడియారం కేసి చూస్తోంది.

"ఇంక మీరిద్దరూ ఊరుకోండి నాయనా," అన్నాడు స్వామి. "పిల్లని మాట్లాడనివ్వండి."